పిల్లికూతలు ఆగిపోయిన రాత్రి: తీవ్ర ఆస్తమా దాడి, ఒక కేస్ స్టడీ

"ఇప్పుడు తగ్గింది సార్. అరగంట నుంచి పిల్లికూతలు కూడా లేవు. నిద్ర వస్తోందంటోంది."

ఫిబ్రవరి చివరి వారం, రాత్రి 2 గంటల 10 నిమిషాలు. క్యాజువాలిటీ ముందు ఆటో ఆగగానే ఆమె భర్త నాతో అన్న మొదటి మాటలివి. అందులో అబద్ధం ఏమీ లేదు. పిల్లికూతలు నిజంగానే ఆగాయి, కళ్ళు నిజంగానే మూతలు పడుతున్నాయి. ఆ రెండింటినీ కలిపి ఆయన "తగ్గింది" అనుకున్నాడు. నేను చూసేసరికి ఆమె పెదవులు నీలం తిరిగి ఉన్నాయి.

అప్పుడు నేను గుంటూరు ప్రాంతంలో 30 పడకల ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. రాత్రి పూట ఒక డాక్టరు, క్యాజువాలిటీకీ వార్డుకూ కలిపి ఒక స్టాఫ్ నర్సు, లేబర్ రూములో ఇంకో స్టాఫ్ నర్సు, ఒక ఎమ్.ఎన్.ఓ. (మగ నర్సింగ్ ఆర్డర్లీ) ఉండేవాళ్ళం. వెంటిలేటర్ లేదు, రక్తంలో వాయువులు కొలిచే ఏబీజీ మిషన్ లేదు. ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి గంటంపావు ప్రయాణం. మన రెండు రాష్ట్రాల్లో చాలామంది డ్యూటీ డాక్టర్లు ఇలాంటి చోటే ఆస్తమా దాడిని చూస్తారు. అందుకే ఈ కేసును నిమిషాల లెక్కతో రాస్తున్నాను. రోగి, కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆ రోజుకు ముందు

ఆమెకు 34 ఏళ్ళు. మిరప తొడిమలు తీసే కూలి పని. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు ఆడవాళ్ళకు చేతినిండా దొరికే పని అదే. కల్లాల్లో ఎండిన కాయలు టిక్కీలకు, అంటే మిరప బస్తాలకు, ఎక్కి గుంటూరు యార్డుకూ కోల్డ్ స్టోరేజీలకూ పోతాయి. మధ్యలో రేకుల షెడ్లలో ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని తొడిమ తుంచుతారు, తాలు కాయ వేరుచేస్తారు. తుంచిన ప్రతిసారీ సన్నటి దుమ్ము లేస్తుంది. కొత్తగా షెడ్డులోకి వెళ్ళినవాళ్ళు రెండు నిమిషాలు కూడా దగ్గకుండా నిలబడలేరు. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాలను నేరుగా రేపుతుంది. మామూలు మనిషికి అది దగ్గుతో పోతుంది. ముందే వాచి ఉన్న నాళాల మీద పడితే అంతటితో ఆగదు.

తొమ్మిదో ఏట నుంచీ ఆస్తమా. రెండేళ్ళ క్రితం ఒకసారి ఐసీయూలో రెండు రోజులు ఉంది. ఈ ఒక్క సంగతి చాలు, మిగతావన్నీ మామూలుగా ఉన్నా ఆమెను మామూలు ఆస్తమా రోగిగా చూడకూడదు. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన మనిషికి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. అప్పుడు రాసిచ్చిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మూడు నెలలు వాడి మానేసింది. "అలవాటైపోతుందని అందరూ చెప్పారు" అంది తర్వాత. నాళాలను అప్పటికప్పుడు తెరిచే నీలం రంగు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ మాత్రం కొంగున కట్టుకుని తిరిగేది. ఈ దాడికి ముందు రెండు నెలల్లో మూడు ఇన్‌హేలర్లు ఖాళీ చేసింది. 200 పఫ్‌ల ఇన్‌హేలర్లు ఏడాదికి మూడు, అంతకు మించి ఖర్చవుతుంటేనే పెద్ద దాడి వచ్చే ప్రమాదం పెరిగినట్టు. నెలకొకటి చొప్పున ఖర్చవుతుంటే ప్రాణాపాయమే పెరుగుతుంది. మందుల షాపులో ఆ మూడూ చీటీ లేకుండానే దొరికాయి. మూడోది కొన్న రోజున ఎవరైనా "ఏమ్మా, ఇంత త్వరగా అయిపోయిందేం?" అని అడిగి ఉంటే ఈ కేసు ఉండేది కాదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజు పొద్దుట్నుంచే దగ్గు. మధ్యాహ్నం నుంచి గంటకోసారి రెండు పఫ్‌లు. సాయంత్రం ఏడింటికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నరానికి రెండు ఇంజెక్షన్లు వేయించుకుంది, డెరిఫిలిన్, డెక్సామెథసోన్. కుదుటపడి ఇంటికొచ్చి అన్నం తింది. పదింటికి మళ్ళీ ఆయాసం. పన్నెండింటికి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. ఒంటిగంటన్నరకు పిల్లికూతలు ఆగాయి. ఆటో కోసం వెతకడం అప్పటికే మొదలుపెట్టారు గానీ, కూతలు ఆగాయి కదా తెల్లారాక వెళ్దామా అని ఇంట్లో కాసేపు మాట్లాడుకున్నారట. అత్తగారు ఒప్పుకోలేదు. "దాని చేతులు చల్లబడ్డాయి, పదండి" అంది. ఆవిడకు చదువు రాదు. కోడలి ప్రాణం నిలబెట్టిన మొదటి నిర్ణయం మాత్రం ఆవిడదే.

ఆర్ఎంపీని నేను తప్పుపట్టను. రాత్రి తలుపు తడితే తీసే మనిషి ఆయన. ఇచ్చిన స్టెరాయిడ్ తప్పు మందు కూడా కాదు. అయితే ఇంజెక్షన్‌తో దక్కిన ఆ రెండు మూడు గంటల ఊరటను ఆసుపత్రికి రావడానికి వాడుకోవాల్సింది. ఆ ఒక్క మాట వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

2:10 నుంచి 2:20 దాకా

పేరు అడిగాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ అడిగితే పేరులో సగం వినిపించింది. ఆస్తమా ఎంత తీవ్రంగా ఉందో చెప్పే పరికరాల్లో నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. పూర్తి వాక్యం మాట్లాడితే ఊపిరి తీసుకునే వ్యవధి ఉన్నట్టు. మాట మాటకూ ఆగుతుంటే దాడి తీవ్రం. మాటే రాకపోతే ప్రాణాపాయం.

గాలిలో ఆక్సిజన్ సాచురేషన్ 82 శాతం. నాడి 138. శ్వాస నిమిషానికి 34, కానీ పైపైనే. బీపీ 150/90. ఒళ్ళంతా చెమట. మెడ కండరాలు ప్రతి శ్వాసకూ లాక్కుంటున్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. స్టెతస్కోపు పెట్టాను. రెండు వైపులా, ముందూ వెనకా, దాదాపు ఏమీ వినపడలేదు.

పిల్లికూత వినపడాలంటే ఇరుకు నాళంలోంచి గాలి పోవాలి. ఊదితేనే పిల్లనగ్రోవి పలికేది. నాళాలు బాగా మూసుకుపోయి, కండరాలు అలసిపోతే లోపల గాలి కదలదు, చప్పుడూ ఉండదు. వైద్యంలో దీన్ని సైలెంట్ చెస్ట్ అంటారు. ఆస్తమాలో ఇంతకంటే భయపడాల్సిన గుర్తు గుండె ఆగడమొక్కటే. ఇక ఆమెకు వస్తున్న ఆ నిద్ర, ఊపిరి తీసే పనికి ఒళ్ళు చాలక, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నందువల్ల వచ్చే మగత.

ఎమ్.ఎన్.ఓ. అలవాటుగా ఆమెను స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. వెంటనే లేపి కూర్చోబెట్టాం, ముందుకు వంగి చేతులు ఆనించుకోవడానికి ఒళ్ళో రెండు దిండ్లు పెట్టాం. ఆస్తమా రోగిని పడుకోబెట్టడం వల్ల జరిగే చెడును నేను చాలాసార్లు చూశాను. ఆ భంగిమలో ఉండలేకే కదా వాళ్ళు రాత్రంతా గోడకానుకుని కూర్చునేది.

ఒకవైపు చికిత్స మొదలవుతుండగానే ఇది వేరే ఏదైనా అయ్యే అవకాశం చూశాను. దద్దుర్లు, పెదవుల వాపు లేవు, కొత్త మందేదీ మింగలేదు. ఉంటే అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ అనుకుని తొడ కండరానికి 0.5 మి.గ్రా. ఎడ్రినలిన్ ఇచ్చేవాడిని. ఒళ్ళునొప్పులకు మాత్ర వేసుకుందా అని ప్రత్యేకంగా అడిగాను, కొందరు ఆస్తమా రోగులకు నొప్పి మాత్రలే దాడి తెస్తాయి. వేసుకోలేదన్నారు. గొంతు గొట్టం మధ్యలోనే ఉంది, రెండు పక్కలా ఛాతీ సమానంగానే కదులుతోంది కాబట్టి ఊపిరితిత్తి పగిలి గాలి బయటికి చేరినట్టు అనిపించలేదు. కాళ్ళ వాపు లేదు, జ్వరం లేదు. పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయిందని అత్తగారు చెప్పారు. గర్భిణి అయినా ఇదే చికిత్స చేసేవాళ్ళం, ఏ మందూ తగ్గించేవాళ్ళం కాదు.

ఇక్కడ మా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఆక్సిజన్ మాస్కు పెట్టగానే సాచురేషన్ 90కి వచ్చింది. 2:14కి ఆ మాస్కు తీసి నెబులైజర్ మాస్కు పెట్టాం. గోడ ప్లగ్గుకు తగిలించే మామూలు కంప్రెసర్ నెబులైజర్ అది. దానిలోంచి వచ్చేది గదిలోని గాలే. మూడు నిమిషాల్లో 79కి పడిపోయింది. ఆమె మాస్కు పీకేయబోయింది. భర్త కంగారుపడి "నిద్ర ఇంజెక్షన్ ఏదైనా ఇవ్వండి సార్, కొట్టుకుంటోంది" అన్నాడు. ఆ కొట్టుకోవడం ఆక్సిజన్ అందక. ఈ స్థితిలో మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఊపిరి తీసుకోవడానికి మిగిలిన ఆ కాస్త ప్రయత్నం కూడా ఆగిపోతుంది.

అప్పుడు తోచాల్సింది తోచింది. కంప్రెసర్ పైపు పీకి, నెబులైజర్ గిన్నెకు నేరుగా ఆక్సిజన్ సిలిండర్ పైపు తగిలించాం. నిమిషానికి 8 లీటర్లు పెడితే మందు పొగలాగా లేస్తుంది, దాంతోపాటే ఆక్సిజన్ అందుతుంది. 6 నుంచి 8 లీటర్ల ప్రవాహం చాలు, కొత్త పరికరం కూడా అక్కర్లేదు. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు. రాత్రి రెండింటికి, చేతులు అలవాటు కొద్దీ పనిచేసే వేళ, గుర్తు రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలు ఆమె దగ్గర లేవు.

గిన్నెలో సాల్బ్యుటమాల్ 5 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. రెస్ప్యూల్స్ రెండు, ఇప్రాట్రోపియం 500 మైక్రోగ్రాములు. సాచురేషన్ మెల్లగా 91కి చేరింది. మా లక్ష్యం 93 నుంచి 95, వంద కాదు. అవసరానికి మించి ఆక్సిజన్ పోస్తే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుంటుంది. అలాగని 80ల్లో ఉన్నప్పుడు ఆ భయంతో చెయ్యి బిగబట్టకూడదు.

2:20కి సిరకు సూది పడింది. హైడ్రోకార్టిసోన్ 200 మి.గ్రా. ఇచ్చాం. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి తర్వాత ఇద్దాం అనుకోవడం సరికాదు. ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టే అన్నిటికంటే ముందు ఇవ్వాలి. సాయంత్రం డెక్సామెథసోన్ పడింది కదా అని నేను ఆగలేదు. మింగగలిగే రోగికైతే ప్రెడ్నిసొలోన్ మాత్రలు 40 నుంచి 50 మి.గ్రా. వేసినా అంతే ఫలితం. ఇంజెక్షన్ గొప్పది, మాత్ర తక్కువది అన్న నమ్మకం మన ఊళ్ళలో రోగులకే కాదు, మాలో కొందరికీ ఉంది.

లేబర్ రూములోని మందు

2:24. రెండో నెబులైజేషన్ పెడుతున్నాం. ఛాతీ ఇంకా నిశ్శబ్దంగానే ఉంది. వరసలో తర్వాతి మందు మెగ్నీషియం సల్ఫేట్. శ్వాసనాళాల కండరాన్ని సడలిస్తుంది. మొదటి చికిత్సకు లొంగని తీవ్రమైన దాడిలో 2 గ్రాములు 20 నిమిషాల పాటు సిరలోకి ఎక్కించాలి. ఎమర్జెన్సీ ట్రాలీ మూడు అరలూ తీసి చూశాం. లేదు. సిస్టర్ "స్టోర్ తాళం ఫార్మసిస్టు గారి దగ్గర ఉంది సార్" అంది.

ఒక్క క్షణం నాకు దారి మూసుకుపోయినట్టు అనిపించింది. మరుక్షణం గుర్తొచ్చింది, గోడకు అవతలి పక్కనే లేబర్ రూము ఉంది కదా. గర్భిణులకు ఫిట్స్ వస్తే, అంటే ఎక్లాంప్సియాలో, మొదట ఇచ్చే మందు ఇదే. ప్రసవాలు జరిగే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మాగ్‌సల్ఫ్ ఉండి తీరాలి. లేబర్ రూము సిస్టర్ అర నిమిషంలో ఆంప్యూల్స్ తెచ్చింది. తెచ్చి అడిగింది: "ఎన్ని గ్రాములు సార్? అక్కడైతే సిరకు నాలుగు, రెండు పిరుదులకూ ఐదేసి ఇస్తాం." మొత్తం 14 గ్రాముల లోడింగ్ డోసు ఇవ్వడం అలవాటైన చెయ్యి అది. ఇక్కడ కావాల్సింది 2 గ్రాములే. మన దగ్గర దొరికే 50 శాతం ద్రావణం 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. రెండు ఆంప్యూల్స్ 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 2:31కి మొదలుపెట్టాం. ఎక్కుతున్నంతసేపూ బీపీ చూడాలి, మోకాలి రిఫ్లెక్స్ చూడాలి అని నేను చెప్పేలోపే ఆమె సుత్తి తీసింది. మా ఆసుపత్రిలో ఆ మందు గురించి అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే, నాకు కూడా కాదు. ఆస్తమా రోగి మంచం దగ్గరికి ఆవిడను పిలవాలని మాత్రం ఆ రాత్రి దాకా మాకెవరికీ తోచలేదు.

డెరిఫిలిన్ సంగతి కూడా చెప్పాలి. భర్త రెండుసార్లు అడిగాడు, "సాయంత్రం వేసిందే వేయండి సార్, దానికే తగ్గింది" అని. ఇవ్వలేదు. థియోఫిలిన్ జాతి మందుల్లో పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఒక డోసు అప్పటికే ఒంట్లో ఉంది, నాడి 138 ఉంది, సాల్బ్యుటమాల్ నిండుగా పోతోంది. గుండె లయ తప్పితే దాన్ని ఎదుర్కొనే సరంజామా నా దగ్గర లేదు. ఆస్తమా మీద అంతర్జాతీయంగా వాడే జీనా మార్గదర్శకాలు అత్యవసర చికిత్సలో దాన్ని సిఫారసు చేయడం లేదు. మన క్యాజువాలిటీల్లో మాత్రం ఆయాసం అన్న మాట వినగానే చెయ్యి ఆ ఆంప్యూల్ మీదికే పోతుంది. ఈ అలవాటు పోవాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకడిని. యాంటీబయాటిక్ కూడా ఇవ్వలేదు. జ్వరం లేదు, ఇన్ఫెక్షన్ గుర్తులు లేవు.

2:40. మెగ్నీషియం సగం కూడా ఎక్కలేదు. స్టెతస్కోపు ఛాతీ మీదే పెట్టుకుని కూర్చున్నాను. ముందు కుడివైపు పైన సన్నగా, తర్వాత రెండు వైపులా, ఊపిరి వదిలేటప్పుడు పొడుగ్గా కూత వినిపించింది. రెండు నిమిషాల్లో స్టెతస్కోపు లేకుండానే గదిలో అందరికీ వినిపించింది.

గుమ్మం దగ్గర అత్తగారు తల పట్టుకుంది. "మళ్ళీ మొదలైంది బాబూ, పిల్లికూతలు మళ్ళీ వచ్చాయి!"

ఆవిడ చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చాను. "అమ్మా, ఇందాక గాలే ఆడలేదు, అందుకే చప్పుడు లేదు. ఇప్పుడు గాలి పోతోంది. ఈ కూత మంచిదే" అని చెప్పాను. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు గానీ కోడలి వీపు నిమురుతూ అక్కడే నిలబడింది. ఆ క్యాజువాలిటీలో నేను పనిచేసిన రోజులన్నిటిలో ఒక చప్పుడు విని అంత సంతోషపడింది ఆ రాత్రే.

ట్యూబు వేయాల్సి వచ్చి ఉంటే

ఆ ఇరవై నిమిషాలూ చికిత్సతోపాటే ఇంకో ఏర్పాటు నడిచింది. పెద్దాసుపత్రి ఐసీయూలో డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. మగత పెరిగినా, శ్వాస నెమ్మదించినా, సాచురేషన్ నిలబడకపోయినా గొంతులోకి ట్యూబు వేయడం తప్పదు. కెటమిన్ కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. లెక్కన సిరంజిలో తీసి పెట్టాం. బీపీని పడగొట్టకుండా, నాళాలను కాస్త తెరిచే మత్తుమందు అది. అవసరమైతే వాడటానికి ఎడ్రినలిన్ కూడా సిద్ధంగా ఉంచాం.

ఫోన్‌లో ఆయన నొక్కి చెప్పిన మాట ఒకటి ఇక్కడ రాయాలి. ట్యూబు వేశాక గండం గట్టెక్కింది అనుకుని చేత్తో నొక్కి గాలి ఊదే ఆంబు బ్యాగును గబగబా నొక్కుతారు. ఆస్తమాలో గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. వదలడానికి వ్యవధి ఇవ్వకుండా నొక్కుతూ పోతే ఛాతీ బెలూన్‌లాగా ఉబ్బి, గుండెకు రక్తం తిరిగి రాక బీపీ పడిపోతుంది. నిమిషానికి 8 నుంచి 10 సార్లే నొక్కాలి, ప్రతిసారీ గాలి పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగాలి. బీపీ ఒక్కసారిగా పడితే ముందు బ్యాగు ట్యూబు నుంచి విడదీసి, ఛాతీని రెండు పక్కలా మెల్లగా నొక్కి గాలి వదిలించాలి. అప్పటికీ లేవకపోతే ఊపిరితిత్తి పగిలిందేమో చూడాలి. చేతిలో బ్యాగు పట్టుకుని నిలబడ్డ ఎమ్.ఎన్.ఓ. చేత "ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు" అని నోటితో లెక్కపెట్టించి, ఆరుకోసారి ఎలా నొక్కాలో చూపించాను. అదృష్టం కొద్దీ అది అవసరం రాలేదు.

2:51కి మెగ్నీషియం పూర్తయింది. 3:05కి మూడో నెబులైజేషన్. సాచురేషన్ 94, నాడి 126, శ్వాస 28. "నీళ్ళు" అంది. తర్వాత కాసేపటికి "కాసిని నీళ్ళివ్వు అత్తా" అంది. మూడు మాటలు ఒక్క ఊపిరిలో.

దారి

కోలుకుంటున్న రోగిని గంటంపావు దూరం ఎందుకు పంపాలి అని సిస్టర్ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఒక గంట క్రితం సైలెంట్ చెస్ట్ ఉన్న మనిషి, ఐసీయూలో ఉండి వచ్చిన చరిత్ర, సాల్బ్యుటమాల్ ప్రభావం తగ్గగానే మళ్ళీ బిగుసుకునే అవకాశం. మళ్ళీ బిగిస్తే నా దగ్గర ఇంక మందు లేదు. కుదుటపడ్డ ఈ వ్యవధిని ప్రయాణానికి వాడుకోవాలి. సాయంత్రం ఆర్ఎంపీ దగ్గర జారిపోయింది అలాంటి వ్యవధే.

108కి ఫోన్ చేశాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సర్వీసు మొదలుకాకముందు ఇలాంటి రోగులను అద్దె జీపుల్లో ఎలా పంపేవాళ్ళో మా సీనియర్లు చెబుతుంటారు. బండి రాగానే ముందు చూసింది ఆక్సిజన్ సిలిండర్ గేజ్. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. సూది సగం దగ్గర ఉంది, అంటే 750. నెబులైజర్‌తో కలిపి నిమిషానికి 8 లీటర్ల చొప్పున 75 నిమిషాలకు 600 లీటర్లు కావాలి. లెక్కకు సరిపోతుంది. రైల్వే గేటు పడి, మాస్కు మార్చి 10 లీటర్లు పెట్టాల్సి వస్తే సరిపోదు. మా నిండు సిలిండర్ ఒకటి బండిలో పెట్టించాం. ఈ లెక్క బండి కదిలే ముందు అయిపోవాలి, దారిలో చేసే లెక్క కాదు ఇది.

క్యాజువాలిటీ వదిలి నేను వెళ్ళే వీలు లేదు. స్టాఫ్ నర్సును పంపాను. లేబర్ రూము సిస్టర్ రెండు వైపులా చూసుకుంటానంది. చీటీలో ఏ మందు ఎన్ని గంటలకు ఎంత ఇచ్చామో, వచ్చినప్పుడు ఛాతీ నిశ్శబ్దంగా ఉందన్న మాటా పెద్ద అక్షరాలతో రాశాను. ఇప్పుడు చూసేవాళ్ళకు ఆమె మామూలు ఆస్తమా రోగిలాగే కనిపిస్తుంది, అందుకని.

ఐసీయూలో

4:40కి తీసిన ఏబీజీలో పీహెచ్ 7.36, కార్బన్ డయాక్సైడ్ 43. కాగితం మీద రెండూ నార్మలే. నాకు ఫోన్ చేసిన జూనియర్ డాక్టరు గొంతులో నిశ్చింత వినిపించింది, "నార్మల్ వచ్చింది సార్" అన్నాడు. కాదని చెప్పాను. నిమిషానికి 28 సార్లు ఊపిరి తీసే మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటికి తోసేయాలి, అది 35 కంటే కిందకు పోవాలి. 43 ఉందంటే ఎంత కష్టపడ్డా తోయలేకపోతోందని అర్థం. ఆస్తమా దాడిలో 35 నుంచి 45 మధ్య ఉన్న అంకె ప్రాణాపాయానికి గుర్తు, 45 దాటితే ఇంకా ప్రమాదం. పిల్లికూతలు లేకపోవడం ఇంట్లోవాళ్ళను ఎలా నమ్మించిందో, ఈ అంకె మమ్మల్ని అలాగే నమ్మిస్తుంది. అక్కడి సీనియర్ అప్పటికే ఆ సంగతి గమనించి ఆమెను ఐసీయూలోనే ఉంచారు. గంటన్నర తర్వాత 38, మధ్యాహ్నానికి 34. ఈసారి అంకె తగ్గడం నిజంగా తగ్గడమే.

మధ్యలో ఒక తికమక వచ్చింది. కూతలు తగ్గుతున్నాయి, సాచురేషన్ బాగుంది, కానీ శ్వాస వేగం మళ్ళీ 32కి పెరిగింది. రక్తంలో లాక్టేట్ అనే ఆమ్ల పదార్థం 4.2కి పెరిగింది, పొటాషియం 3.0కి తగ్గింది. రెండూ సాల్బ్యుటమాల్ ఎక్కువగా పడితే జరిగేవే. లాక్టేట్ పెరిగితే ఒళ్ళు దాన్ని సరిచేయడానికి ఊపిరి వేగం పెంచుతుంది. దాన్ని ఆస్తమా ముదిరినట్టు భావించి ఇంకా సాల్బ్యుటమాల్ పెడితే లాక్టేట్ ఇంకా పెరుగుతుంది. వాళ్ళు నెబులైజేషన్ల మధ్య ఎడం పెంచి, పొటాషియం ఎక్కించారు. నాలుగు గంటల్లో సర్దుకుంది. ఎక్స్‌రేలో న్యుమోనియా లేదు, గాలి బయటికి చేరలేదు. ఐదో రోజు ఇంటికి పంపారు.

ఆ తర్వాత

పది రోజులకు మా ఓపీకి వచ్చింది. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో ఊదిస్తే 260. ఇన్‌హేలర్ ఎలా వాడుతుందో చూపించమన్నాను. నోట్లో పెట్టి నొక్కింది, నొక్కాక ఊపిరి లోపలికి తీసింది. మందంతా నాలుక మీదే పడుతోంది. ఇరవై అయిదేళ్ళ ఆస్తమాలో ఆమెను ఎవరూ "చూపించు" అని అడగలేదు.

స్టెరాయిడ్, నాళాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఉదయం, రాత్రి తప్పకుండా వాడాలనీ, నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితో నెట్టుకురావడం ఇక కుదరదనీ చెప్పాను. 2019 నుంచి జీనా కూడా నీలం ఇన్‌హేలర్ ఒక్కటే వాడే పద్ధతిని సిఫారసు చేయడం మానేసింది. అలవాటు పడటం గురించి అడిగితే, "పీల్చే మందు నాళాల దగ్గరికే పోతుంది, చాలా కొద్ది మోతాదు. మానేస్తే వాపు తిరిగొస్తుంది, దాన్నే జనం అలవాటు అంటున్నారు" అన్నాను. మందు నాలుక మీద పడకుండా ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం, స్పేసర్, కొనలేనంది. 500 మి.లీ. కూల్‌డ్రింక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి ఇచ్చాను. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరిశోధనలు చేసి ఈ సీసా కొన్న స్పేసర్‌లాగే పనిచేస్తుందని చూపించారు.

ఇంట్లో దాడి వస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదవగలిగిన పెద్ద కొడుకుకు చదివించాను. నిటారుగా కూర్చోవాలి. సీసాలోకి ఒక పఫ్ కొట్టి నాలుగైదు శ్వాసలు పీల్చాలి, తర్వాత ఇంకొకటి, అలా 4 నుంచి 10 పఫ్‌ల దాకా. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్ళీ అంతే, గంటలో మూడుసార్లు. వాక్యం పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలం తిరిగినా, మగతగా ఉన్నా ఆ 20 నిమిషాలు ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. కింద ఒక వాక్యానికి కొడుకు చేతే గీత గీయించాను: "ఆయాసం ఉండి పిల్లికూతలు ఆగిపోతే అది తగ్గడం కాదు."

పని మానమని చెప్పలేదు. ఆ సీజను కూలి డబ్బులతో ఇంట్లో ఏడాది అప్పు తీరుతుంది. నేను నోటితో అనేసే ఒక్క మాట వాళ్ళకు ఎంత బరువో నాకు తెలుసు. షెడ్డు మధ్యలో కాకుండా గుమ్మం పక్కన గాలివాటున కూర్చోమన్నాను. ముక్కుకు కొంగు చుట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు కాబట్టి ఎన్95 మాస్కులు ఇప్పించాను. ఆ వేడిలో అవి ఎంతసేపు పెట్టుకుంటుందో నాకు అనుమానమే. మేస్త్రీతో మాట్లాడి కుప్పలు తిరగేసే పని వేరేవాళ్ళకు ఇప్పించారు భర్త.

మా క్యాజువాలిటీలో రెండు మార్పులు జరిగాయి. ట్రాలీ పై అరలో మాగ్‌సల్ఫ్ ఆంప్యూల్స్ నాలుగు, "ఆస్తమా: 2 గ్రాములు, 20 నిమిషాలు" అని రాసిన ప్లాస్టర్‌తో ఉంటాయి. ఆక్సిజన్ సిలిండర్‌కు నెబులైజర్ గిన్నె ఎప్పుడూ తగిలించే ఉంటుంది. కంప్రెసర్‌ను వార్డులోకి మార్చాం.

జూన్‌లో, మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు, అత్తాకోడళ్ళిద్దరూ వచ్చారు. చేప మందుకు హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నామనీ వెళ్ళొచ్చా అనీ అత్తగారు అడిగారు, నేను కోప్పడతానేమో అన్నట్టు. ఆస్తమా తగ్గడానికి అది పనిచేస్తుందని నిరూపణ లేదని ఉన్నమాట చెప్పాను. వెళ్ళడం వాళ్ళ ఇష్టమనీ, ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దనీ, ఆ జనంలో రెండు ఇన్‌హేలర్లూ సీసాతో సహా చేతి సంచిలోనే ఉండాలనీ అన్నాను. ఆవిడ సంచి తెరిచి చూపించింది. రెండు ఇన్‌హేలర్లు, సీసా, మడతలు నలిగిన ఆ కాగితం. కోడలు పీక్ ఫ్లో ఊదింది. 340 వచ్చింది. ఇంకోసారి ఊదనా అని ఆమే అడిగింది.